ఇంటి కంప్యూటరుకు ఫైర్‌వాల్: ఉచితముగా ఉన్నదానిని సరిగా వాడుకొనుట



ఇంట్లోకి కంప్యూటరు వచ్చిన ప్రతి కుటుంబములోను ఈ మధ్య ఒక ప్రశ్న వినబడుతున్నది. “ఫైర్‌వాల్ వేయించుకోండి అంటున్నారు. డబ్బు కట్టకుండా దొరికే వాటిలో ఏది మంచిది? దానిని ఎట్లా అమర్చుకోవాలి?” ఈ నెల శీర్షికను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

జవాబు ముందే చెప్పివేస్తాము. మనలో చాలామంది కొత్తగా ఏదీ వెదకి తెచ్చుకోనక్కరలేదు. విండోస్‌తో పాటు వచ్చిన ఫైర్‌వాల్ ఉచితమే, ఇంటికి చాలినదే. అయితే అది నడుస్తున్నదా, అందులో ఎన్ని తలుపులు మనమే తెరిచి ఉంచాము అన్నది చూచుకోవాలి. అది ఏ ఆపదను ఆపలేదో తెలిసికొనుట అంతకంటె ముఖ్యము.

మన పెనుబల్లి వైపు ఇండ్లలో కంప్యూటరు అంటే తరచుగా పాతది కొన్న డెస్క్‌టాప్ గాని, కాలేజీకి వెళ్లే పిల్లల కొరకు తెచ్చిన ల్యాప్‌టాప్ గాని. ఒక్కటే యంత్రము, ఇంటిల్లిపాదికీ అదే. పిల్లల పదవ తరగతి మెమో, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు కావలసిన కాగితాలు, ఆధార్ కార్డుల నకళ్లు, పట్టాదారు పాసుపుస్తకము, పెండ్లి ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. పామాయిల్ గెలల డబ్బు, పత్తి డబ్బు పడిన బ్యాంకు ఖాతాను కూడా అందులోనే తెరచి చూస్తారు. బీరువాకు తాళము వేసి, ఇంటి తలుపుకు గొళ్లెము పెట్టి పండుకొనే మనము ఈ పెట్టెకు మాత్రము ఏ కాపలా ఉన్నదో అడగము.

ఫైర్‌వాల్ అనగా ఏమి?

ఈ మాట ఇండ్లు కట్టేవారి నుండి వచ్చింది. ఒక ఇంటిలో నిప్పు అంటుకుంటే పక్క ఇంటికి పాకకుండా మధ్యలో కట్టే గోడను అట్లా పిలిచేవారు. కనకగిరి అడవుల అంచున ఉన్న మనకు ఇంకా దగ్గరి పోలిక ఒకటి ఉన్నది. వేసవికి ముందు అటవీ శాఖవారు అడవిలో వెడల్పాటి బాటలుగా గడ్డిని, ఎండుటాకులను తీసివేయిస్తారు. ఫైర్ లైన్ అంటారు. అది నిప్పును ఆర్పదు. అవతల పుట్టిన నిప్పును ఇవతలకు దాటనీయదు, అంతే. ఇవతలి వైపు ఎవరైనా కాలుతున్న బీడీ ముక్క పారవేస్తే ఆ లైన్ ఏమీ చేయలేదు. కంప్యూటరు ఫైర్‌వాల్ సంగతి కూడా సరిగా ఇంతే.

ఇంటర్నెట్‌కు కలిసిన ప్రతి కంప్యూటరుకు నంబర్లు వేసిన ద్వారములు ఉంటాయి. వాటిని పోర్టులు అంటారు. ఆ నంబర్లు 65,535 వరకు ఉన్నాయి. మనము బ్యాంకు వెబ్‌సైటు చూచునప్పుడు మన కంప్యూటరు ఆ బ్యాంకు యంత్రము యొక్క 443వ ద్వారమును తడుతుంది. ఒకే గదిలోని కంప్యూటర్లు ఫైళ్లు పంచుకొనుటకు విండోస్ 445వ ద్వారము వాడుతుంది. ఫైర్‌వాల్ ఈ ద్వారముల యొద్ద కూర్చున్న కావలివాని వంటిది. మనము పిలిచిన దానికి వచ్చిన జవాబును లోనికి రానిస్తుంది. మనము పిలువకుండా వచ్చి తలుపు తట్టిన వానిని వెనుకకు పంపుతుంది.

ఈ కావలి లేనప్పుడు ఏమి జరిగినది?

2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచమంతట కంప్యూటర్లలో పాకింది. ఎవరూ ఏ ఫైలూ తెరువలేదు, ఏ బొమ్మ మీదా నొక్కలేదు. ఇంటర్నెట్‌కు కలిసి ఉంటే చాలు, అది 135వ ద్వారము గుండా తానే వచ్చి చేరింది. ఆ దినములలో విండోస్ ఎక్స్‌పిలో ఫైర్‌వాల్ ఉన్నది గాని, దానిని ఎవరికి వారు తెరచి ఆన్ చేసుకోవాలి. చాలామందికి అది ఉన్నదనే తెలియదు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ దానిని మొదటి నుండే ఆన్‌లో ఉండేటట్లు మార్చింది. నేడు మన విండోస్‌లో ఉన్న ఫైర్‌వాల్ అప్పటి దాని వారసురాలే.

ఇంతకంటె దగ్గరి సంగతి 2017 మే 12న మొదలైన వాన్నాక్రై. అది కంప్యూటరులోని ఫైళ్లన్నిటికీ తాళము వేసి, విడిపించుటకు మూడు వందల డాలర్లు బిట్‌కాయిన్ రూపములో అడిగింది. నూట యాభై దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలయ్యాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు శాఖలో 18 యూనిట్ల కంప్యూటర్లు దెబ్బ తిన్నట్లు అప్పుడు పత్రికలలో వచ్చింది. అది పాకిన దారి పైన చెప్పిన 445వ ద్వారమే. దానికి విరుగుడైన సవరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14ననే ఇచ్చింది. అనగా రెండు నెలల ముందే. ఆ సవరణ వేసికొన్న యంత్రమునకు గాని, 445వ ద్వారము బయటివారికి మూసి ఉన్న యంత్రమునకు గాని అది ఆ దారిన చేరలేకపోయింది. మన ఇంటికి కావలసిన పాఠము ఇందులోనే ఉన్నది. సవరణలు ఒక చేయి, ఫైర్‌వాల్ ఇంకొక చేయి. రెండు చేతులూ కావాలి.

ఏది ఎంచుకోవాలి?

2000 ప్రాంతములో విండోస్‌కు సరియైన ఫైర్‌వాల్ లేని రోజులలో జోన్‌అలారమ్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఎంతో పేరు పొందాయి. అప్పుడు వాటి అవసరము నిజముగా ఉన్నది. ఇప్పుడు పరిస్థితి వేరు. విండోస్ 10, విండోస్ 11లలో ఉన్న డిఫెండర్ ఫైర్‌వాల్ బయటినుండి పిలువకుండా వచ్చే వాటిని మొదటి నుండే ఆపుతుంది. ఒక ఇంటికి ఇది చాలును.

దీనికి మించి ఏమి కోరుతున్నాము అని మనలను మనమే అడుగుకోవాలి. డిఫెండర్ ఫైర్‌వాల్ లోనికి వచ్చే వాటిని ఆపుతుంది గాని, లోపలినుండి బయటికి వెళ్లే వాటిని మామూలుగా ఆపదు. ఫోను హాట్‌స్పాట్ మీద కంప్యూటరు నడిపే ఇంటిలో ఇది డేటా ఖర్చుకు సంబంధించిన సంగతి కూడా. ఏ ప్రోగ్రాము మనకు తెలియకుండా బయటికి పోతున్నదో ఆపాలంటే టైనీవాల్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉన్నది. అది విండోస్‌లోనే ఉన్న వడపోత ఏర్పాటును వాడుకుంటుంది. మాటిమాటికి ప్రశ్నలు అడిగి విసిగించదు. మనము అనుమతించని ప్రోగ్రాములన్నిటిని మౌనముగా ఆపివేస్తుంది. దీనిలో ఒక చిక్కు ఉన్నది. వేసిన రోజున పిల్లల ఆన్‌లైన్ క్లాసు ప్రోగ్రాము, ప్రింటరు పనిచేయక పోవచ్చు. గడియారము పక్కన ఉన్న దాని గుర్తు మీద నొక్కి, కావలసిన వాటిని ఒక్కొక్కటిగా అనుమతించుకోవాలి. ఆ ఓపిక ఉన్నవారే వేసికొనవలెను.

కొమోడో వంటివి ఇంకొక రకము. “ఈ ప్రోగ్రాము ఇది చేయబోతున్నది, అనుమతించాలా?” అని తరచుగా అడుగుతాయి. తెలిసినవారికి అది మేలే. ఏమి అడుగుతున్నదో తెలియని అమ్మగారో తాతగారో ప్రతి ప్రశ్నకు అవును అని నొక్కుతూ పోతే, ఆ కావలివాడు ఉండీ లేనట్లే.

ఒకటి గట్టిగా చెబుతున్నాము. పూర్తి ఫైర్‌వాల్ ప్రోగ్రాములు రెండు ఒకే యంత్రములో వేయవద్దు. ఒకదాని పనికి ఒకటి అడ్డు పడి, ఇంటర్నెట్ ఆగిపోతుంది, లేదా రెండూ సరిగా పనిచేయవు. ఏది వేసికొన్నా తయారుచేసినవారి సొంత వెబ్‌సైటు నుండే దించుకోండి. “మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ ఉచిత ఫైర్‌వాల్ వెంటనే వేసికోండి” అని తెర మీద ఎర్రగా మెరిసే ప్రకటన వస్తే, దొంగే కాపలాదారు వేషము వేసికొని వచ్చాడని తెలిసికోండి.

ఎట్లా అమర్చుకోవాలి?

మొదట, స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని టైపు చేయండి. తెరుచుకున్న దానిలో ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్ అని ఉంటుంది. అక్కడ డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు వరుసలు కనబడతాయి. మూడింటి క్రిందను ఫైర్‌వాల్ ఆన్‌లో ఉన్నదని వ్రాసి ఉండాలి. పాత యంత్రము కొన్నవారు దీనిని తప్పక చూడండి. ఏదో ఒక ప్రోగ్రాము పనిచేయడము లేదని అమ్మిన వారు గాని, బాగుచేసిన వారు గాని దానిని ఆపివేసి, మరల ఆన్ చేయకుండ విడిచిపెట్టుట మామూలే.

రెండవది, పబ్లిక్, ప్రైవేట్ అనే మాటల అర్థము తెలిసికోవాలి. పబ్లిక్ అంటే చుట్టూ ఉన్నవారు తెలియనివారు, తలుపులు గట్టిగా మూయుము అని కంప్యూటరుకు చెప్పుట. ప్రైవేట్ అంటే చుట్టూ మన ఇంటివారే, ప్రింటరు, ఫైళ్లు పంచుకోవచ్చును అని చెప్పుట. పేరు చూచి చాలామంది తారుమారుగా అనుకుంటారు. ప్రైవేట్ అన్నదే ఎక్కువ భద్రమని తలుస్తారు. అది కాదు. హాస్టల్ వైఫై, బస్టాండు వైఫై, స్నేహితుని ఫోను హాట్‌స్పాట్, ఇవన్నీ పబ్లిక్‌గానే ఉండాలి. ఇంటిలో ఒక్కటే కంప్యూటరు ఉండి, వైఫై ప్రింటరు లేకపోతే ఇంట్లో కూడా పబ్లిక్ అనే ఉంచవచ్చు. ఏ నష్టమూ లేదు. విండోస్ 11లో సెట్టింగ్స్‌కు వెళ్లి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో వైఫై క్రింద ప్రాపర్టీస్ తెరిస్తే ఈ ఎంపిక కనబడుతుంది.

మూడవది, అనుమతుల జాబితా. అదే ఫైర్‌వాల్ పేజీలో అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్ అని ఉంటుంది. నొక్కితే ఏ ప్రోగ్రాములకు లోపలికి దారి ఇచ్చామో వరుసగా కనబడుతుంది. ఎప్పుడో తీసివేసిన ఆటలు, పేరు తెలియని ప్రోగ్రాములు, దూరము నుండి కంప్యూటరు నడిపించేవి పబ్లిక్ వరుసలో గుర్తు పెట్టి ఉంటే ఆ గుర్తు తీసివేయండి. తరువాత ఏదైనా అవసరమైన పని ఆగితే మరల పెట్టుకోవచ్చు.

నాలుగవది, కొత్త ప్రోగ్రాము వేసినప్పుడు ఫైర్‌వాల్ కొన్నిసార్లు “దీనిని అనుమతించాలా?” అని అడుగుతుంది. అది ఏమిటో తెలియకపోతే క్యాన్సెల్ నొక్కండి. క్యాన్సెల్ అంటే ఆ ప్రోగ్రాము చెడిపోతుందని కాదు, బయటివారు దానిని పిలిచి లోనికి రాలేరు అని మాత్రమే. వెబ్‌సైట్లు చూచుటకు, మెయిలు పంపుటకు, పాఠములు వినుటకు ఈ అనుమతి అక్కరలేదు.

ఐదవది, ఇంటికి వైఫై పెట్టె ఉంటే అది కూడా ఒక కావలివాడే. అది వచ్చినప్పుడు దానిమీద ముద్రించి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చించండి. బయటినుండి దానిని నడిపించే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపించండి. లైను వేయటానికి వచ్చిన మనిషి ఉండగానే ఈ రెండూ చేయించుకుంటే మేలు.

పాత యంత్రములు

విండోస్ 7కు సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కి మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగాయి. నమోదు చేసికొన్న ఇంటి కంప్యూటర్లకు భద్రతా సవరణలు మరి ఒక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సవరణలు రాని యంత్రము మీద ఫైర్‌వాల్ పెట్టుట చెదలు పట్టిన ద్వారబంధానికి కొత్త తాళము వేసినట్లే.

విండోస్ 11కు చాలని పాత పెట్టె ఉన్నవారు లినక్స్ వైపు చూడవచ్చు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఉచితము. తెలుగులో కూడా వాడుకోవచ్చు. వీటిలో యుఎఫ్‌డబ్ల్యు అనే ఫైర్‌వాల్ ముందే ఉంటుంది. 2008లో వచ్చిన ఉబుంటు నుండి ఇది ఉన్నది. అయితే అది మొదట ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసికోవాలి. మింట్‌లో మెనూలో ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్ అని తెరచి, స్టేటస్ అనే మీటను ఆన్ చేసి, లోనికి వచ్చేవి డినై, బయటికి వెళ్లేవి అలౌ అని ఉంచితే ఇంటికి సరిపోతుంది.

ఫైర్‌వాల్ ఆపలేనివి

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. ఇంతవరకు చెప్పినవన్నీ సరిగా చేసికొన్న ఇంటిలో కూడా ఒక్క ఫోను కాల్‌తో ఖాతా ఖాళీ కావచ్చు.

“బ్యాంకు నుండి మాట్లాడుతున్నాము, మీ ఖాతా ఆగిపోతుంది, మేము సరిచేస్తాము, ఈ ప్రోగ్రాము వేసికోండి” అని పిలుస్తారు. వేయించేది దూరము నుండి మన తెర చూచి, మన మౌస్ కదిలించే ప్రోగ్రాము. అట్టి ప్రోగ్రాములు చెడ్డవి కావు, వాటిని మంచి పనులకే తయారుచేశారు. అయితే అది లోపలినుండి బయటికి వెళ్లి కలుపుకుంటుంది. ఇంటివారే బయటికి పిలుస్తున్నారు గదా అని ఫైర్‌వాల్ దారి ఇస్తుంది. ఫైర్ లైన్‌కు ఇవతల పడిన బీడీ ముక్క ఇదే. ఏ బ్యాంకూ, ఏ ప్రభుత్వ కార్యాలయమూ మన కంప్యూటరులో అట్టి ప్రోగ్రాము వేసికోమని ఫోను చేయదు.

ఫోనులోకి వచ్చే ఏపికె ఫైళ్లు కూడా అట్టివే. పిఎం కిసాన్ డబ్బు అనో, పెండ్లి పిలుపు అనో, బ్యాంకు కెవైసి అనో వాట్సాప్‌లో వస్తాయి. తెలిసినవారి నంబరు నుండి వచ్చినా నొక్కవద్దు, వారి ఫోను ముందే చిక్కి ఉండవచ్చు. ఒకసారి వారికి ఫోను చేసి అడగండి.

పెన్ డ్రైవ్ సంగతి కూడా మరువరాదు. వి.ఎం. బంజరలోనో సత్తుపల్లిలోనో జెరాక్సు తీయించుటకు ఇచ్చిన పెన్ డ్రైవ్ పది కంప్యూటర్లను తాకి ఇంటికి వస్తుంది. ఫైర్‌వాల్ నెట్‌వర్క్ తలుపులను చూస్తుంది గాని, మనము చేతితో తెచ్చి గుచ్చిన దానిని చూడదు. కేంద్ర ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రమును ప్రారంభించినప్పుడు, ఈ కారణముననే పెన్ డ్రైవ్‌లను అదుపు చేసే యుఎస్‌బి ప్రతిరోధ్, మనము అనుమతించిన ప్రోగ్రాములనే నడవనిచ్చే యాప్‌సంవిద్ అనే ఉచిత సాధనములను విడుదల చేసింది. వాటిని తయారుచేసినది మన హైదరాబాదులోని సి-డాక్. ఇంటికి తెచ్చిన పెన్ డ్రైవ్‌ను తెరువక ముందు దాని మీద కుడి మీట నొక్కి, విండోస్ డిఫెండర్‌తో స్కాన్ చేయించుట ప్రతివారు చేయగలిగిన పని.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచిపెట్టవద్దు. ఇంటివారు కోప్పడతారని పిల్లలు, పిల్లలు నవ్వుతారని పెద్దలు దాచుకుంటారు. ఆ దాచుకున్న గంటలలోనే డబ్బు ఖాతా నుండి ఖాతాకు పోతుంది. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో నిలిపివేసే అవకాశము అంత ఎక్కువ. కంప్యూటరు వింతగా నడుస్తుంటే ముందు ఇంటర్నెట్ తీసివేయండి. తరువాత తెలిసినవారిని పిలవండి.

ఇంటిలో ఒక ఏర్పాటు

ఇంటిలో ఒకరు ఈ బాధ్యత తీసికోవాలి. చదువుకుంటున్న అమ్మాయి కావచ్చు, అబ్బాయి కావచ్చు. అడ్మినిస్ట్రేటర్ ఖాతా పాస్‌వర్డ్ వారి యొద్ద, ఇంటి పెద్ద యొద్ద ఉండాలి. మిగతావారు, చిన్నపిల్లలతో సహా, మామూలు ఖాతాతో వాడుకోవాలి. మామూలు ఖాతాలో ఉన్నవారు ఫైర్‌వాల్‌ను ఆపలేరు, పాస్‌వర్డ్ అడగకుండ పెద్ద ప్రోగ్రాములు వేయలేరు. ఫోను మీద ఎవడో తొందరపెడుతున్నప్పుడు, “పాస్‌వర్డ్ మా అమ్మాయికే తెలుసు, సాయంకాలము వస్తుంది” అని ఆ ఇంటి తల్లి చెప్పగలిగితే, ఆ సాయంకాలము లోపల మోసము బయటపడుతుంది.

సర్టిఫికెట్లు, ఫోటోలు వేరొక హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, దానిని కంప్యూటరు నుండి ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే వాన్నాక్రై వంటిది దానికి కూడా తాళము వేస్తుంది.

నెలకు ఒకసారి పది నిమిషములు చాలు. మూడు వరుసలు ఆన్‌లో ఉన్నాయా, అనుమతుల జాబితాలో కొత్త పేరు ఏదైనా చేరిందా, విండోస్ అప్‌డేట్ పూర్తి అయినదా, ఈ మూడు చూడండి. 1930 అనే నంబరును ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరములతో వ్రాసి, కంప్యూటరు వెనుక గోడకు అంటించండి. కంగారులో ఉన్నవారికి ఆ నంబరు జ్ఞాపకము రాదు. గోడ మీద ఉంటే కనబడుతుంది.